ఉడతల చలివేంద్రం

మా ఇంట్లో ఏ గిన్నెకూ మూత లేదు.

ఇది దేశ సమస్య కాదని నాకు తెలుసు. కానీ పప్పు మీద అన్నం తినే కంచం, అన్నం మీద చాట, పాల మీద పోయిన సంవత్సరపు క్యాలెండరు అట్ట పెట్టుకుని ఎన్నాళ్లు నడుస్తుంది ఒక వంటిల్లు? ఒకరోజు చారు గిన్నె మీదికి ఏదీ దొరక్క మా అమ్మ అలమారలోంచి గుండ్రటి ఇత్తడి జ్ఞాపిక తీసి బోర్లించింది. నేను హిందూపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. అది కాలేజీవాళ్లు నాకిచ్చిన ‘ఉత్తమ అధ్యాపక’ జ్ఞాపిక. తీసి చూస్తే అక్షరాలకు ఆవిరి పట్టి, కొత్తిమీర ఆకొకటి అంటుకుని ఉంది. “ఇన్నాళ్లకు అదొక పనికొచ్చింది” అంది అమ్మ. అందులో వెటకారం లేదు. మా అమ్మకు వెటకారం రాదు, ఉన్నది చెబుతుంది.

కొత్త మూతలు కొనుక్కోవచ్చు కదా అంటారు. కొన్నాం. అవి కూడా పాతవి పోయిన చోటికే పోయాయి. ఎక్కడికి పోయాయో చెప్పాలంటే ముందు మా బోరు సంగతి చెప్పాలి.

మా ఊరు పెనుకొండకూ హిందూపురానికీ నడుమ ఉంటుంది. బస్సు దిగి కొంచెం నడవాలి. ‘కొంచెం’ అనేది ఊరివాళ్ల మాట, నడిచినవాళ్లది కాదు. మాకు ఒక బోరు, దాని కింద ఎకరన్నర మల్బరీ తోట, తోట పక్కన పట్టుపురుగులు పెంచే రేకుల షెడ్డు ఉన్నాయి. వానాకాలంలో బోరు మర్యాదగానే పోస్తుంది. ఉగాది దాటిందంటే దానికి ఆయాసం మొదలవుతుంది. కాసేపు నీళ్లు, కాసేపు గాలి, ఒక దగ్గు, మళ్లీ నీళ్లు. మా తాత చివరి రోజుల్లో మాట్లాడిన తీరు. వినేవాళ్లం ఓపిగ్గా నిలబడాలి, అంతే.

అందుకే మా నాయన ఎండాకాలంలో పురుగుల పంట పెట్టడు. మల్బరీ బతికుండటానికి సరిపడా తడిపి, షెడ్డుకు తాళం వేసి, తాళం చెవి మొలతాడుకు కట్టుకుని అరుగు మీద కూర్చుంటాడు.

నా భార్యది ధర్మవరం. మగ్గాల ఇల్లు. పట్టును దారంగా చూసింది, చీరగా చూసింది, ఇంట్లో గొడవగా చూసింది, పురుగుగా మాత్రం చూడలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో మా షెడ్డులోకి తొంగిచూసి చాలాసేపు నిలబడింది. “ఇవేనా మా నాయన నడుము వంచిండేవి?” అంది. ఆ పురుగుల మీద కోపమో గౌరవమో నాకు అర్థం కాలేదు. కొన్నాళ్లకు అమ్మతో పాటు షెడ్డు పని అంతా నేర్చుకుంది. ఆ తర్వాత ఒక పూట, అందరం అన్నాలు తింటుండగా, నాయనతో అంది.

“ఎండాకాలం పంట ఒకటి నేను పెడతా మామా.”

నాయన ముద్ద కలపడం ఆపాడు. “ఎండాకాలమా? బోరు చూసినావా పాపా?”

“చూసినా.”

“చూసే అడుగుతాండావా?”

“మీరు వదిలేసిన కాలమే కదా అడుగుతాండేది. మీ పంటలు అడగల్యా.”

ఇందులో లాజిక్ ఉంది. నాయనకు లాజిక్ అంటే గౌరవం, అది నా నోటి నుంచి రానంతవరకు. కాసేపు ఆలోచించి, ఒట్టిపోయిన బర్రెను దానమిచ్చినట్టు ఎండాకాలాన్ని కోడలికి ఇచ్చేశాడు. అయితే ఒక షరతు పెట్టాడు.

“నడుమన ఆకు అయిపోతే ఆ పురుగుల్ని బతికుండంగానే గుంతలో ఏసి మూయల్ల. ఆ పని నేను చెయ్యను. మీ అత్తా చెయ్యదు. నువ్వే చెయ్యల్ల.”

ఆ మాట ఆయన ఎందుకన్నాడో తర్వాత అమ్మ చెప్పింది. నేను హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఒక ఎండాకాలం ఆ పని ఆయన చేశాడట. షెడ్డు వెనక గుంత తీసి, బుట్టలు బుట్టలుగా పురుగుల్ని తెచ్చిపోసి, అవి తలలెత్తి మేత కోసం వెతుకుతుంటే మన్ను కప్పాడు. షెడ్డు తాళం మొలతాడుకు ఎక్కింది ఆ ఏడే.

నా భార్య “సరే మామా” అంది. ఆ రోజు చారు మీద ఇంకా మూత ఉండేది.

పట్టుపురుగు గురించి రెండు మాటలు. పిల్ల పురుగుల్ని రెండు జ్వరాలు దాటాక, వాటిని అంతవరకు సాకే చాకీ కేంద్రం నుంచి తెచ్చుకుంటాం. జ్వరమంటే నిజం జ్వరం కాదు. పురుగు మేత మాని, తల ఎత్తి, ఎవరితోనూ సంబంధం లేనట్టు పడుకుని, పాత చర్మం విడుస్తుంది. మనుషులు కూడా జ్వరమొస్తే ఇదే చేస్తారు, చర్మం విడవడం ఒక్కటి తప్ప. ఇట్లా నాలుగు జ్వరాలు. నాలుగోది దాటినాక దానికి ఆకలి పుడుతుంది. అప్పటిదాకా తిన్నదంతా రుచి చూడటమే. ఆ చివరి వారంలో ఆకు ఉంటే గూడు, లేకపోతే గుంత. కాబట్టి మా ఇంటి పని ఒక్కటే: చివరి వారం దాకా బోరు నీళ్లను సాగదీయడం.

సాగదీయడంలో నా భార్యకు ఇంటి విద్య ఉంది. మగ్గం ఇళ్లలో దారం ముక్క పారేయరు. ఈమె నీటి చుక్క దగ్గర కూడా అట్లాగే ఉంది. మొదట తోటలో సాళ్ల నడుమ చెనిక్కాయ పొట్టు, పాత ఎండుకొమ్మలు మందంగా పరిపించింది, తడి ఎగిరిపోకుండా. రోజు విడిచి రోజు, సాలు విడిచి సాలు డ్రిప్పు వదిలేట్టు పెట్టింది. కరెంటు పగలే ఇస్తారు కాబట్టి పొద్దున్నే, ఎండ ముదరకముందే తడి అయిపోవాలంది. షెడ్డు చల్లగా ఉండటానికి చుట్టూ గోనెపట్టలు కట్టి తడిపేది. వాటి నుంచి కారే నీళ్లకు కింద బక్కెట్లు పెట్టి, వాటితోనే మళ్లీ తడిపేది. స్నానం చేసే ముందు నేను కూడా భయపడేవాణ్ణి, కింద ఏమైనా పెట్టిందేమోనని.

ఆదివారాలు నేను తోటలో సాయం చేసేవాణ్ణి. పెళ్లికి మా మామగారు పెట్టిన ఎర్ర చొక్కా ఒకటి ఉంది నాకు. ధర్మవరం వాళ్లకు రంగులంటే భయం లేదు. అది వేసుకుని కాలేజీకి పోతే పిల్లలు బోర్డు చూడరు. అందుకని తోటకు వేసుకునేవాణ్ణి.

నాయనకు ఈ ఏర్పాట్లన్నీ బాగానే ఉన్నాయి, డ్రిప్పు తప్ప. డ్రిప్పు పెట్టి చాలా ఏళ్లయినా ఆయన దాన్ని నమ్మలేదు. ఆయన చేతి పని కాలవ. పార భుజాన వేసుకుని, కాలవ వెంట నడుస్తూ, ఒక పాదు నిండగానే మన్నుతో మడవ మూసి, పక్క పాదుకు తెరవడం. నీళ్లు మలుపు తిరిగి ఎండిన మన్నులోకి పోతుంటే ‘సుయ్’ మని ఒక చప్పుడొస్తుంది. ఆయన జీవితంలో విన్న సంగీతం అదే. డ్రిప్పు వచ్చాక ఆ చప్పుడు పోయింది. నల్ల పైపులు పొట్టు కింద పాముల్లా పడుకుని ఉంటాయి. నీళ్లు ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో తెలీదు.

“నీళ్లంటే కనపడల్ల, యినపడల్ల. ఇదేంది, దొంగతనం చేసినట్టు?” అనేవాడు.

“చెట్టు వేరు దగ్గరే చుక్క పడుతుంది నాయనా. ఆవిరైపోయేది తక్కువ” అని నేను శాస్త్రం చెప్పేవాణ్ణి.

“మీ కాలేజీ నీళ్లు వేరు, మా బోరు నీళ్లు వేరు” అని పాఠం ముగించేవాడు.

పురుగులు మూడో జ్వరంలో ఉండగా దూరపు సాళ్లు వాడటం మొదలైంది. మోటారుకు దగ్గర సాళ్లు పచ్చగానే ఉన్నాయి. అవతలి కొసన ఉన్న సాళ్లు మధ్యాహ్నానికి తలలు వేలాడదీస్తున్నాయి. నా భార్య పొట్టు పక్కకు తీసి పైపులు తడిమి చూసింది. అక్కడక్కడా కన్నాలు. చిన్న చిన్న పళ్ల గుర్తులు. నీళ్లు చెట్టుకు పోకుండా అక్కడే చిమ్మి ఇంకిపోతున్నాయి.

ఉడతలు. గట్టు మీది కానుగ చెట్టు నిండా వాటి కాపురాలే. వేసవిలో చుట్టుపక్కల వాటికి తాగే నీళ్లు లేవు, పైపులో నీళ్లు పారే చప్పుడు వాటికి వినిపిస్తుంది. నాయనకు వినపడని చప్పుడు వాటికి వినపడింది, ఇంకేముంది, కొరికాయి.

పక్క చేను మా నాయనకు వరసకు తమ్ముడైన చిన్నాయనది. ఊళ్లో ఎవరి కష్టమైనా చూడటానికి మొదట వచ్చేది ఆయనే, సాయం అడిగేలోపల వెళ్లిపోయేది కూడా ఆయనే. “ఉడతలకు మందు పెట్టండబ్బా” అన్నాడు.

“దప్పికైన వాటికి మందేంది చిన్నమామా” అంది నా భార్య. కన్నాలున్న చోటల్లా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ధర్మవరం ముడి వేసింది. తెగిన పోగును మగ్గం మీద అతికే ముడి అది, చిన్నగా ఉంటుంది, జారదు. తర్వాత ఇంటికొచ్చి వంటింట్లో చేతికందిన మూతలన్నీ కొంగులో వేసుకుని పోయింది. కానుగ చెట్టు కింద, గట్టు పొడుగునా, సాళ్ల మొదట్లో మూతలు వెల్లకిలా పెట్టి నీళ్లు పోసింది. అమ్మ వాకిట్లో నిలబడి చూస్తూ, “పప్పు మీదిది ఒక్కటన్నా ఉంచమ్మా” అంది. అప్పటికే అది ఒక ఉడత ముందర ఉంది.

నాయన తలపట్టుకున్నాడు. “ఉన్న నీళ్లే చాలక సస్తాంటే ఉడతలకు దానమంట!”

“కన్నంలో పోయేదానికన్నా మూతలో పోసేది తక్కువ మామా.”

చిన్నాయన ఈ వార్తను సాయంత్రానికల్లా ఊరంతా చేరవేశాడు. మరుసటి రోజు బస్సులో ఎవరో నన్ను అడిగారు: “ఏమప్పా, ఉడతలకు చలివేంద్రం పెట్టినారంటనే? మజ్జిగ గూడా పోస్తాండారా?” మనుషులకు మా ఊళ్లో చలివేంద్రం లేదు. కాబట్టి ఆ ప్రశ్నలో కొంచెం అసూయ ఉండటం సహజం.

ఉడతలు మర్యాదస్థులు. నీళ్లు దొరికాక పైపుల జోలికి రావడం దాదాపు మానేశాయి. కానీ దూరపు సాళ్లు కోలుకోలేదు. కొత్త కన్నాలు లేవు, పాతవాటికి వేసిన ముడులు బిగువుగానే ఉన్నాయి, ఫిల్టరు కడిగాం, మోటారు పోస్తోంది. అయినా ఆ కొసకు చుక్క చేరడం లేదు. పురుగులేమో నాలుగో జ్వరానికి దగ్గర పడ్డాయి. అది దాటి లేచాయంటే ఇంక ఆగవు. నా భార్య షెడ్డు వెనక్కి పోయినప్పుడల్లా ఆ మూసేసిన పాత గుంత చోటు వైపు చూడకుండా తల తిప్పుకుని నడిచేది. అంత జాగ్రత్తగా చూడకుండా ఉండటం చూడటం కన్నా కష్టం.

ఆ ఆదివారం పొద్దున కారణం తెలిసింది.

కరెంటు అప్పుడే వచ్చింది. నేనూ ఆమే ఆకు కోయడానికి బుట్టలు పట్టుకుని గట్టు వెంట వస్తున్నాం. కానుగ చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె నా చెయ్యి పట్టి ఆపింది. దగ్గర సాళ్ల కొసన నాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. డ్రిప్పు పైపు కొసను మడిచి, ఎనిమిది అంకె లాంటి ప్లాస్టిక్ రింగులో దోపి ఉంచుతారు, నీళ్లు బయటికి పోకుండా. ఆయన ఆ రింగు లాగేశాడు. నీళ్లు బుడుంగుమని దూకాయి. దోసిలి పట్టాడు. ముఖం కడుక్కున్నాడు. కాలి మీద పారించుకున్నాడు. ఆ నీళ్లు మన్నులో చిన్న దారి చేసుకుని పోతుంటే, బొటనవేలితో ఆ దారిని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. తృప్తిగా రింగు బిగించాడు, బిగించాననుకున్నాడు. జరిగి పక్క పైపు కొస విప్పాడు.

వారానికొకసారి కొసలు విప్పి పైపుల్లో మట్టి కడగమని డ్రిప్పు పెట్టినవాళ్లు ఎప్పుడో చెప్పారు. వాళ్లు చెప్పిన అన్నింటిలోకి నాయనకు నచ్చిన మాట అదొక్కటే అయ్యుండాలి. ఆయన దాన్ని ప్రతిరోజూ పాటిస్తున్నాడు. దగ్గర కొసలు తెరుచుకుంటే దూరపు సాళ్లకు నీళ్లు తోసే బలం ఎక్కడిది?

నేను నోరు తెరిచాను. నా భార్య నన్ను చెట్టు చాటుకు లాగింది.

“చెప్పద్దండీ.”

“ఏంటికి? పంట పోతాది.”

“మా నాయన నేసేటప్పుడు మాటిమాటికీ చీర కింద చెయ్యి పెట్టి తడుముతాడు. అట్ల ముట్టద్దు, మరక పడ్తాదని మా యన్న ఒగసారి చెప్పినాడు. పండగ దాంక మగ్గమెక్కల్యా.” ఆమె మా నాయన వైపే చూస్తోంది. “ఆయప్పకు నీళ్లు కనపడల్ల, అంతే కదా. కనపడేట్టు చేస్తాం.”

మర్నాడు పొద్దున్నే నాయన దగ్గరికి పోయి నిలబడింది. “మామా, నాకు షెడ్డులో తీరడం లేదు. మూతల్లో నీళ్లు ఎండిపోతాండాయి. మీరు పోస్తారా?”

“నేనా? ఉడతలకా?”

“ఇంగెవురుండారు?”

“నీ మొగుడు లేడా?”

“ఆయన కాలేజీకి పోవల్ల కదా. అయినా ఆయన పోస్తే మూతలో పడవు.”

ఈ రెండో మాట అవసరం లేదు. కానీ పని చేసింది. నాయన గొణుక్కుంటూ లేచాడు. మోటారు దగ్గర మెయిన్ పైపుకు ఆమె అప్పటికే ఒక చిన్న కొళాయి బిగించి పెట్టింది. మొదటి రోజు చెంబుతో పోశాడు. రెండో రోజు పార తెచ్చాడు.

నేను సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూద్దును కదా, కానుగ చెట్టు కింద ఒక కాలవ. జానెడు వెడల్పు లేదు. కొళాయి నుంచి మొదలై గట్టు వెంట మలుపులు తిరుగుతూ పోతోంది. లోపల పాత యూరియా సంచి పరిచి ఉంది, నీళ్లు ఇంకకుండా. మూతలు పాదుల్లా అటొకటి ఇటొకటి. ఒక మూత నిండగానే ఆయన పార కొసతో పిడికెడు మన్ను అడ్డం వేసి పక్క మూతకు మడవ తిప్పుతున్నాడు. రెండు బిందెల నీళ్లతో మొత్తం ఆయకట్టు తడిసిపోయింది. అంత పెద్ద మనిషి, అంత పెద్ద పార, అంత చిన్న కాలవ. ఒక ఉడత కొమ్మ మీద కూర్చుని తన వంతు కోసం చూస్తోంది.

చిన్నాయన రాకుండా ఉంటాడా? “ఏమన్నా, చలివేంద్రానికి నువ్వే ధర్మకర్తంటనే! పానకం లేదా?”

“నువ్వు ఉడతవైతే రా, పోస్తా” అన్నాడు నాయన, తల ఎత్తకుండా.

పైపుల కొసల జోలికి ఆయన మళ్లీ పోలేదు. దూరపు సాళ్లకు నీళ్లు చేరాయి. వేలాడుతున్న ఆకులు కొద్దికొద్దిగా తలలెత్తాయి. నాయన దాన్ని చూసి ఏమీ అనకపోయేసరికి, అనుమానం రాకుండా నేనే ఒక కారణం తయారుచేసి చెప్పాను. “ఉడతలు కొరకడం మానినాయి కదా నాయనా, అందుకని ప్రెజర్ పెరిగింది.”

“అట్లనా” అన్నాడు.

నేను చెప్పిన శాస్త్రాన్ని ఆయన ఎదురు మాట్లాడకుండా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను కొంచెం ఆశ్చర్యపోయి ఉండాల్సింది.

నాలుగో జ్వరం దాటి పురుగులు లేచాయి. అవి ఆకు తినే చప్పుడు రేకుల మీద వాన పడుతున్నట్టు ఉంటుంది. మా ప్రాంతంలో వాన ఎట్లా ఉంటుందో మరిచిపోయినవాళ్లు పట్టుపురుగుల షెడ్డుకు పోయి వింటే చాలు. పొద్దున వేసిన కొమ్మలు మధ్యాహ్నానికి పుల్లలు. నా భార్య దగ్గర సాళ్లు ముందు కోస్తూ, దూరపు సాళ్లను చివరికి దాచుకుంటూ వచ్చింది.

ఇంకా కొన్ని మేతలే ఉన్నాయనగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

మా వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాలడం కూడా ఒక రుతువే. ఎప్పుడు బాగవుతుందో ఎవరూ చెప్పలేరు, అందరూ చెబుతారు. మోటారు మూగబోయింది. ఒకరోజు గడిచింది. ఎండ నిప్పు. నా భార్య దూరపు సాళ్లలోకి పోయి పొట్టు కింద చెయ్యి పెట్టి చూసింది. తడి ఉంది. నాయన కూడా ఆమె వెనకే పోయి, ఆమె చెయ్యి పెట్టిన చోటే చెయ్యి పెట్టి చూశాడు. ఇద్దరూ చేతికంటిన మన్ను దులుపుకుంటూ తిరిగొచ్చారు. అమ్మ ఊరి కొళాయి దగ్గర నుంచి బిందె మోసుకొచ్చి గోనెపట్టలు తడిపింది. నాయన తాగేకి తెచ్చుకున్న కడవ ఎత్తుకుపోయి మూతల్లో పోశాడు.

“నాయనా, పైపుల్లో ఎట్లాగూ నీళ్లు లేవు కదా. ఉడతలు ఏం చేస్తాయి?” అన్నాను.

“లేవని వాటికేం తెలుసు? కొరికి చూసుకుంటాయి.”

మరుసటి రోజు సాయంత్రం కూడా కరెంటు రాలేదు. ఆకు అంచులు ముడుచుకోవడం మొదలైంది. నేను ఇంటికొచ్చేసరికి షెడ్డు వెనక నుంచి పార చప్పుడు వినబడింది. నాయన గుంత తీస్తున్నాడు. ఆ పని నేను చెయ్యనన్న మనిషి, మోకాలి లోతు దాకా తీశాడు. నా భార్య షెడ్డు తలుపులో నిలబడి ఉంది. చేతిలో ఆకు.

“ఏంటికి మామా తవ్వుతాండారు?”

“ఊరికే. భూమి మెత్తగుండాదేమో చూస్తాండా.”

“మెత్తగుండాదా?”

“లేదు” అన్నాడు, తవ్వుతూనే.

ఆమె లోపలికి పోయి, ఉన్న ఆకునే పలచగా, అన్ని తట్టల్లోకీ సమానంగా పరిచింది. ఆమె ఏడవలేదు. ఏడిస్తే ఆకు మీద పడుతుందని, తడి ఆకు పురుగుకు మంచిది కాదని చెప్పింది తర్వాత.

కరెంటు మర్నాడు పొద్దున్నే వచ్చింది. రెండు రోజులు పడుకుని లేచిన బోరు, జ్వరం తగ్గిన పురుగు మాదిరి, దగ్గు లేకుండా పోసింది. దూరపు సాళ్లు నిలబడ్డాయి. నా భార్య వాటిని చివరి కొమ్మ దాకా కోసింది. ఆ చివరి కొమ్మలు తిన్న పురుగులు మేత మాని, ఒళ్లు గాజులా మెరుస్తూ తలలెత్తి అటూ ఇటూ ఊపసాగాయి. తలలెత్తింది ఈసారి ఆకలికి కాదు. ‘పండినాయి’ అంటాం. అమ్మా ఆమే ఏరి చంద్రికల మీద, అంటే గూడు కట్టుకునే తడికెల మీద వేశారు. షెడ్డులో వాన వెలిసింది. ఆ నిశ్శబ్దంలో నా భార్య గోడకానుకుని కూర్చుని అక్కడే నిద్రపోయింది.

గుంతలో నాయన పురుగుల రెట్ట, తిని వదిలిన పుల్లలు వేసి మూశాడు. ఎరువు గుంత అట. మొదటి నుంచీ అదే అనుకున్నాడట.

గూళ్లు హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయాం. ఆమె ఒక గూడు చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది, లోపల పురుగు కదిలే చప్పుడు విని నవ్వింది. ఒక పిడికెడు గూళ్లు అమ్మకుండా ఉంచుకుని ధర్మవరం తీసుకుపోయింది. మా మామగారు ఒకదాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. “ఇంత తేలిగ్గా ఉండాదే!” అన్నాడు, ఇంకో చెయ్యి నడుము మీద పెట్టుకుని.

తర్వాత కొన్నాళ్లకు మొదటి వాన పడింది. పెద్దదేం కాదు. మూతలు వాటంతటవే నిండాయి. “ఇంగన్నా నా మూతలు తెచ్చియ్యరా, చారు మీద నీ బహుమానం చూళ్లేకపోతాండా” అని అమ్మ పంపితే, ఆదివారం నేను సంచి పట్టుకుని కానుగ చెట్టు కిందికి పోయాను. నాయన అక్కడే ఉన్నాడు. వానకు కూలిన తన కాలవ గట్టును పార వెనక తిప్పి చదును చేస్తున్నాడు. నేను వంగి మొదటి మూత ఎత్తబోయాను.

“పెట్టు ఆడ” అన్నాడు.

“వాన పడింది కదా నాయనా.”

“మళ్ల ఎండ రాదా? వచ్చే ఎండాకాలం గూడా పంట పెడ్తానంటాంది పాప. కాలవ ఉండల్ల.”

నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలో నోరు జారి, “అవును నాయనా, మూతలు ఉంటేనే ప్రెజర్ బాగుంటుంది” అన్నాను.

ఆయన పార ఆపి నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

“వచ్చేసారి చెట్టు చాటున నిలబడి నన్ను చూసేటప్పుడు” అన్నాడు, “ఆ ఎర్ర అంగీ ఏసుకోని రావద్దు.”